మందు కొట్టిన మూడోరోజు వాగులో పరిగెలు తేలాయి. ఏం పరీక్ష చేయించాలి?

వాగుగట్టు:
మాది మైలవరం దగ్గర నాలుగెకరాల బంగినపల్లి తోట. ఉండేది విజయవాడలో, ఆదివారాలు వెళ్లొస్తుంటాను. తోట పక్కనే బుడమేరులో కలిసే చిన్న వాగు. సంక్రాంతి దాటాక పారకం ఆగిపోయి మడుగులే మిగులుతాయి. పూత మీద తేనెమంచు పురుగు పడిందని జనవరి నెలాఖర్లో కౌలుదారు సైపర్‌మెత్రిన్ కొట్టించాడు. మూడోరోజు వెళ్లి చూస్తే వేలెడంత పరిగెలు పొట్టలు పైకి తేలి ఉన్నాయి, చిన్న రొయ్యలు అంచు బురదలో ఎర్రబారి పడున్నాయి. నత్తలు మాత్రం రాళ్ల మీద నింపాదిగా పాకుతున్నాయి! మంచినీళ్ల ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పట్టుకెళ్లి ఓ ల్యాబులో ఇస్తే, 'ఏమీ కనబడలేదు' అని కాగితం ఇచ్చారు. మందు కాకపోతే మరి ఎందుకు చచ్చినట్టు?

నాచునీళ్లు:
ల్యాబును తిట్టేముందు ఆ సీసాను తిట్టండి. సైపర్‌మెత్రిన్ నీళ్లలో నిలవదండీ, ప్లాస్టిక్‌కీ బురదకీ అంటుకుపోతుంది. పైగా మూడు రోజులు గడిచాయి. ఈసారి ముదురు గోధుమరంగు గాజు సీసాలో నిండా పట్టి, ఐస్‌పెట్టెలో పెట్టి అదేరోజు ఇవ్వండి. దాంతోపాటు మడుగు అడుగున పైపొర బురద కూడా. తోటకు ఎగువన ఇంకో జత తియ్యడం మరవకండి, అది లేకపోతే వచ్చిన అంకెను దేనితో పోలుస్తారు?

మీరు నత్తల సంగతి రాయడం మంచిదైంది. ఈ జాతి మందులు నత్తలను పెద్దగా ఏమీ చెయ్యవు, ముందు పోయేవి రొయ్యలూ నీటిపురుగులూ. ఆక్సిజన్ చాలక చస్తే వేరేలా ఉంటుంది: తెల్లవారుజామున నోళ్లు తెరుచుకుని పైకొస్తాయి, పెద్దవి ముందు పోతాయి. మీది మందు పనేనని నా అనుమానం. అనుమానమే సుమా, రుజువు కాదు.

పూతకాలం:
మాదీ మామిడే అన్నా, రెడ్డిగూడెం వైపు. గన్ను పైకెత్తి కొడితే సగం తుంపర గాలిదే. వాగువైపు రెండు వరసలు గాలి లేని పొద్దున్నే కొట్టాలి. అది సరే, డ్రమ్ము ఎక్కడ కడిగారు? అది చెప్పు ముందు.

వాగుగట్టు:
కౌలుదారుని అడిగితే నసిగాడు. మడుగు మెట్టు మీదే కడిగారట. ఖాళీ డబ్బాలు రెండు తూటికాడల్లో దొరికాయి. మడుగు పది మీటర్ల పొడవు, ఐదు వెడల్పు, మోకాల్లోతు.

నాచునీళ్లు:
అయితే ఇంకేం, లెక్క వేద్దాం. మోకాల్లోతు అంటే అర మీటరు, మడుగులో 25,000 లీటర్లు. 25 శాతం మందు లీటరుకు ఒక మిల్లీలీటరు కలిపి, డ్రమ్ము అడుగున రెండు లీటర్లు మిగిలితే అసలు మందు అర గ్రాము. అది మొత్తం కలిసిందనుకుంటే లీటరుకు 20 మైక్రోగ్రాములు. చాలా చేపలకు ఒకటి రెండు మైక్రోగ్రాములే ఎక్కువ. బురద కొంత పీల్చుకుంటుంది, నిజమే. అయినా పరిగెలకు ఎక్కడ మిగిలింది?

పూతకాలం:
మా కొట్టువాడు ఇమిడాక్లోప్రిడ్ కొట్టు, చేపలకు ఏమీ కాదంటున్నాడు.

నాచునీళ్లు:
చేపలను నేరుగా చంపదు, అంతవరకు నిజం. కానీ చేపలు తినే నీటిపురుగుల పిల్లలను ఖాళీ చేస్తుంది. నీళ్లలో బాగా కరుగుతుంది కాబట్టి వానకు కొట్టుకొస్తుంది. దానికి బురద కాదు, మొదటి వాన పడ్డ గంటల్లో పట్టిన నీళ్లు కావాలి.

వాగుగట్టు:
రెండో పిచికారీ వచ్చే వారం. ఈసారి డ్రమ్ము తోట మధ్యలో కడిగిస్తా. ఎగువా దిగువా చెరో వలసంచీలో పది పరిగెలు వేలాడదీద్దామని ఉంది. సరేనా?

నాచునీళ్లు:
భేషుగ్గా. కొట్టడానికి ముందురోజే వెయ్యండి, నాలుగు రోజులు పూటపూటా లెక్కపెట్టండి. ల్యాబుల్లోనూ చేపల మీద చూసేది 96 గంటలే. సీసాలు ల్యాబువాళ్లనే ఇమ్మనండి.

వాగుగట్టు:
అడిగాను, ఇస్తామన్నారు. పరిగెలు పట్టడానికి మావాడు అప్పుడే దోమతెర చింపాడు.