ఏఏసీ పెడితే లైసెన్సు లొల్లి, ఎవరైనా చెప్పండి ప్లీజ్

రాత్రిపిట్ట
పొద్దున్నుంచి దీని మీదే కూర్చున్నా. నేను రాసిన ప్రోగ్రాం రికార్డు చేసిన ఆడియోని ఏఏసీ అనే పద్ధతిలో కుదించి చిన్న ఫైలుగా మార్చాలి, అంతే. అలా మార్చే టూలు ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని సోర్సు నుంచి బిల్డ్ చేస్తుంటే లైసెన్సు అంటూ ఆగిపోతోంది. వెతికితే ఒకరు పేటెంటు అంటారు, ఇంకొకరు అదేం లేదంటారు. బుర్ర వేడెక్కింది. ఇది వాడితే రేపు నా మీద కేసు పడుతుందా లేదా? సూటిగా చెప్పండి చాలు.

గవ్వలు
ఏ ఫార్మాట్?

రాత్రిపిట్ట
ఎం4ఏ. మామూలుదే.

పాతకాపు
ఎం4ఏ ఫార్మాట్ కాదండీ, డబ్బా. అందులో ఏఏసీ ఉండొచ్చు, ఏలాక్ అనే ఇంకో కుదింపు పద్ధతి ఉండొచ్చు. ఏలాక్‌ని యాపిల్ 2011లోనే అపాచీ లైసెన్సు కింద బయటికి ఇచ్చేసింది. ముందు లోపల ఏముందో చెప్పాలి కదా.

ఇంకోటి. కాపీరైటునీ పేటెంటునీ అందరూ ఒకే గాటన కట్టేస్తారు. ఎంపీ3 తయారుచేసే లేమ్‌నే చూడండి. కోడు ఎల్‌జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద ఉంది, ఎవరైనా తీసుకోవచ్చు. అయినా ఏళ్ల తరబడి ఫెడోరా లినక్స్ దాన్ని దగ్గరికి రానివ్వలేదు. కోడు రాసినవాళ్లు సరేనన్నారు గానీ, ఆ కోడు చేసే పని మీద పేటెంటు హక్కు జర్మనీ పరిశోధన సంస్థ ఫ్రాన్‌హోఫర్ చేతిలో ఉండిపోయింది. 1998లో వాళ్లు ఉత్తరాలు పంపి లైసెన్సు రుసుము అడగబట్టే వోర్బిస్ అనే రుసుము లేని ఫార్మాట్ పుట్టింది.

గవ్వలు
ఎంపీ3 లైసెన్సింగ్ 2017 ఏప్రిల్‌లో ఆపేశారు. ఎంపీ3 పెట్టుకోండి. అయిపోయింది.

చిలకపచ్చ
ఇంకా ఎంపీ3 ఏంటండీ బాబూ! ఓపస్ ఫార్మాట్ ఉండగా! 2012 నుంచి ఆర్ఎఫ్‌సీ 6716 పేరుతో ఇంటర్నెట్ ప్రమాణంగా ఉంది. సెకనుకు 6 కిలోబిట్ల నుంచి 510 దాకా పలుకుతుంది. మాటలకైనా పాటలకైనా అదే. లైబ్రరీ బీఎస్‌డీ లైసెన్సు. పైగా ఉచితం.

పాతకాపు
ఉచితమా, స్వేచ్ఛా? ఆ రెండూ వేరు.

చిలకపచ్చ
రాయల్టీ కట్టక్కర్లేదంటున్నా.

పాతకాపు
అలా అనండి. ఓపస్ మీద పేటెంట్లు లేవనుకుంటారు జనం. ఉన్నాయి. వాటిని రుసుము లేకుండా వాడుకోనిచ్చారు, అంతే.

చిలకపచ్చ
లేవని నేనెప్పుడన్నాను సార్? పైకి వెళ్లి చదవండి.

రాత్రిపిట్ట
మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి. నాకు ఎం4ఏనే కావాలి, అవతలివాళ్లు అదే అడిగారు.

సున్నాఒకటి
ఎర్రర్ పూర్తిగా పెట్టండి. బిల్డ్‌కి ఇచ్చిన కాన్ఫిగర్ లైను కూడా.

రాత్రిపిట్ట
అది అందరికీ వచ్చేదే కదా అని పెట్టలేదు. ఎఫ్‌డీకే ఏఏసీ (ఫ్రాన్‌హోఫర్ వాళ్ల ఏఏసీ లైబ్రరీ) జీపీఎల్ లైసెన్సుతో పొసగదు, నాన్‌ఫ్రీ ఆప్షన్ ఇవ్వలేదు అంటోంది. లైను ఎక్కడో దొరికితే తెచ్చి అతికించా: ఎనేబుల్ జీపీఎల్, ఎక్స్264, లేమ్, ఎఫ్‌డీకే. నాన్‌ఫ్రీ చేరిస్తే నడుస్తోంది. అలాగే వదిలేయనా?

సున్నాఒకటి
మీ మెషీన్‌లోనే వాడుకుంటే వదిలేయండి. ఇంకొకరికి ఇచ్చేదైతే వద్దు. ఆ బిల్డ్‌ని పంచకూడదని ఎఫ్ఎఫ్ఎంపెగ్ తనే చెబుతుంది, ఎల్ ఆప్షన్ ఇచ్చి చూడండి.

మీ తిప్పలన్నీ ఆ అతికించిన లైనులోవే. ఆడియో ఒక్కటే అయితే ఎక్స్264 దేనికి? అది వీడియోది, అది కావాలంటేనే జీపీఎల్ కావాలి. లేమ్‌కి అక్కర్లేదు. జీపీఎల్ తీసేస్తే మిగిలేది ఎల్‌జీపీఎల్. దానితో ఎఫ్‌డీకేకి పేచీ లేదని తమకు తెలిసినంతవరకు అంటూ ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాళ్లే లైసెన్సు ఫైల్లో రాసుకున్నారు. అసలు ఎఫ్‌డీకే కూడా అక్కర్లేదు, ఎఫ్ఎఫ్ఎంపెగ్ సొంత ఏఏసీ ఎన్‌కోడర్ 2016లో 3.0 వెర్షన్ నుంచి బాగానే ఉంది.

ఇదంతా కాపీరైటు వైపు. పేటెంటు వేరు. ఎఫ్‌డీకే లైసెన్సు చదివితే, పేటెంటు హక్కులేవీ ఇవ్వట్లేదని అందులోనే ఉంటుంది. ఏఏసీ పేటెంట్ల లైసెన్సు ఇచ్చేది వయా ఎల్ఏ అనే సంస్థ. ఏఏసీ ఫైళ్లు పంచుకున్నందుకు వాళ్లేమీ అడగరు, ఎన్‌కోడర్, డీకోడర్ తయారుచేసి ఇచ్చేవాళ్లనే అడుగుతారు. పేటెంట్ల లెక్కలో ఏఏసీలోని పాత ఎల్‌సీ రకం వేరు, తర్వాత వచ్చిన హెచ్ఈ రకం వేరు. ఫెడోరా మొదట ఎఫ్‌డీకేని తీసుకున్నప్పుడు హెచ్ఈ ముక్కలు కోసేసి మరీ పెట్టుకుంది. అమ్మే సరుకైతే లాయర్ని అడగండి, మమ్మల్ని కాదు.

ఇంతకీ ఏ ప్లాట్‌ఫామో ఇప్పటికీ చెప్పలేదు.

పాతకాపు
ఎల్‌జీపీఎల్ అన్నారు సరే, లైబ్రరీని మీ ప్రోగ్రాంలోనే కలిపేసి స్టాటిక్‌గా లింక్ చేస్తే, వాడేవాళ్లు మళ్లీ లింక్ చేసుకునేందుకు ఆబ్జెక్ట్ ఫైళ్లు ఇవ్వాలి. ఆ ముక్క ఎవరూ చెప్పరు.

రాత్రిపిట్ట
జీపీఎల్, ఎక్స్264 పీకేశా. బిల్డ్ అయింది!! థ్యాంక్సండీ అందరికీ. ఆండ్రాయిడ్.

సున్నాఒకటి
ఆండ్రాయిడా? దాని సొంత మీడియాకోడెక్‌లో ఏఏసీ ఎన్‌కోడర్ ఉంది కదండీ. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఎందుకు మరి?

చిలకపచ్చ
ఓపస్ కూడా ఉంటుంది, ఆండ్రాయిడ్ 10 నుంచి.