నైట్ షిఫ్ట్ ఆడవాళ్ళకూ వేయాలా? పైడిభీమవరం వైపు పనిచేసేవాళ్ళు చెప్పండి

లావేరు కుర్రోడు:
మాది పైడిభీమవరం దగ్గర మందుల కంపెనీ, పేరు వద్దు. ప్రొడక్షన్‌లో కెమిస్ట్‌ని. ఇన్నాళ్ళూ ఆడవాళ్ళకు పగటి షిఫ్టులే. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా ఉండే సీ షిఫ్ట్ మొత్తం మగాళ్ళ మీదే. ఆడవాళ్ళు సమ్మతిస్తే రాత్రి షిఫ్టులోనూ పనిచేయొచ్చని 2025లో రాష్ట్రం ఫ్యాక్టరీల చట్టం సవరించాక, "ఇష్టమున్నవాళ్ళు సంతకం పెట్టండి" అని మేనేజ్‌మెంట్ ఒక కాగితం తిప్పుతోంది. మా బ్లాక్‌లో ఒక్కరూ పెట్టలేదు. అమ్మాయిల్ని ఎక్కువగా తీసుకుంటున్నారు, మంచిదే. కానీ వాళ్ళు పెరిగేకొద్దీ మాకు నైట్లు పెరుగుతున్నాయి. జీతం ఒకటే అయినప్పుడు నైట్లు కూడా సమానంగా ఉండాలి కదా? తిట్టేవాళ్ళు తిట్టండి, కానీ రోస్టర్, అంటే ఎవరికి ఏ షిఫ్టో రాసే పట్టిక, ఎలా వేయాలో కూడా చెప్పండి.

చీపురుపల్లి:
ఎందుకొచ్చిన గోల. మా ఇంట్లో ఆడవాళ్ళని రాత్రిపూట పంపం.

క్యూసీ అమ్మాయి:
చీపురుపల్లి గారూ, ఆ మాట మీ ఇంట్లో ఆడవాళ్ళు చెప్పారా, మీరు చెబుతున్నారా?

అన్నయ్యా, నేను తిట్టను. నాది వేరే కంపెనీ, మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ విభాగం. నేను సంతకం పెట్టాను. ఎందుకంటే నైట్ చేయనివాళ్ళని షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ చేయరు. "రాత్రి ప్లాంట్ చూసిన అనుభవం లేదు" అంటారు. నా వెనక చేరినవాళ్ళు ఇన్‌ఛార్జ్‌లు అయ్యారు, నేను ఇంకా శాంపిళ్ళే చేస్తున్నాను. నైట్ మినహాయింపు మాకు సుఖం అనుకుంటారు గానీ, ప్రమోషన్ ఆగేది అక్కడే.

మరి మీవాళ్ళు ఎందుకు పెట్టలేదు? మీ బస్సు ఎక్కడ ఆగుతుందో చూడండి. మాది హైవే మీద ఆగుతుంది. మా ఊరు లోపలికి. రాత్రి తొమ్మిదింటికి ఆటోలు ఉండవు, మా నాన్న బండి మీద దింపాలి. ఆయన లేని రోజు నేను లీవు పెడతాను. ఆ లీవులు చూపించి, "అమ్మాయిలు నైట్లకి పనికిరారు" అని మా సారు అంటారు.

పాత హెచ్చార్:
నేను ఈ ఉద్యోగాలు చేసి బయటికొచ్చినవాణ్ణి. సంతకం ఒక్కటే చాలదు. ఆడవాళ్ళని రాత్రి పనిలో పెడితే వాళ్ళ సమ్మతితోపాటు రవాణా, భద్రత కూడా కంపెనీయే చూడాలి. ఇంకో విషయం చాలామందికి తెలియదు. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం కంపెనీ ఏర్పాటు చేసిన బస్సు కూడా పనిచేసే చోటే. బస్సులో జరిగినదానిపై అంతర్గత కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు, కాంట్రాక్ట్ వర్కర్ అయినా సరే. కానీ హైవే నుంచి ఊరికి పోయే ఆటో కంపెనీది కాదు. కంపెనీలు బస్సును హైవే దగ్గరే ఆపేది డీజిల్ మిగులుతుందని మాత్రమే కాదని నా అనుమానం.

అలాగే యాభై మంది, అంతకుమించి ఉన్న చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో సవరణ తెచ్చారు. ఉన్నవి కూడా సాయంత్రానికి తాళం వేస్తారు. ఇవేమీ చేయకుండా మార్చి 8న ముగ్గుల పోటీ పెట్టి, ఫొటోలు హెడ్డాఫీసుకి పంపి, "ఇన్‌క్లూజన్" అంటారు. ఆ ఫొటోలు నేనూ పంపించాను లెండి, ఉద్యోగం అది.

నెల్లిమర్ల పెద్దాయన:
బాబూ, నాది జూట్ మిల్లు, యూనియన్‌లో ఉండేవాణ్ణి. 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఆడవాళ్ళకి పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకానే పని ఉండేది. రాష్ట్రం సడలించినా రాత్రి పది, ఉదయం ఐదు మధ్య కుదిరేది కాదు. ఇది వివక్ష అని 2000లో మద్రాసు హైకోర్టు ఆ నిబంధన కొట్టేసింది. చదువుకున్న అమ్మాయిలకి అది న్యాయమే. కానీ ప్యాకింగ్‌లో, హౌస్‌కీపింగ్‌లో కాంట్రాక్టర్ కింద ఉన్న ఆడమనిషి సంగతేటి? "ఇష్టం లేదు" అంటే రేపు ఆమెకి గేట్ పాస్ ఉండదు. అది సమ్మతి ఎలా అవుతుంది? పైగా 2025 సవరణలోనే రోజు పని గంటలు కూడా పెంచారు. ఆడవాళ్ళకి అవకాశం పేరు చెప్పి అందరి మీదా బరువేశారని నా అభిప్రాయం. కాదన్నవాళ్ళతో వాదించే ఓపిక ఉంది.

లావేరు కుర్రోడు:
పెద్దాయన గారూ, కాంట్రాక్ట్ వాళ్ళ గురించి నేను అడగలేదు గానీ మీరు చెప్పింది నిజమే. మా హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళ దగ్గర సూపర్‌వైజరే నిలబడి సంతకాలు తీసుకున్నాడు. అయినా నా రోస్టర్ సంగతి తేలలేదు. బస్సు ఊళ్ళోకి వచ్చేదాకా నైట్లన్నీ మేమే చేయాలా?

క్యూసీ అమ్మాయి:
అదే కాగితం వెనక, "మా ఊరి సెంటర్ దాకా బస్సు వస్తే చేస్తాం" అని రాసి ఇమ్మని మీ బ్లాక్ అమ్మాయిలకి చెప్పండి. ఎంతమంది రాస్తారో చూద్దురు. మగాళ్ళు కూడా సంతకం పెట్టండి, మీకూ అదే బస్సు కదా.

లావేరు కుర్రోడు:
సోమవారం అడుగుతాను. కానీ ఈ నెల నైట్లు మాత్రం మావే.

క్యూసీ అమ్మాయి:
మీవే అన్నయ్యా. నైట్ అలవెన్స్ కూడా మీదే.