కడప – డిబ్రూగఢ్: 3 గంటల 16 నిమిషాల లెక్క నమ్మి టికెట్లు తీయొచ్చా?

సీమగాలి:
కడప నుంచి అస్సాంలోని డిబ్రూగఢ్‌కి సరళ దూరం 2,215 కిలోమీటర్లు. దూరాలు చూపే సైట్లు దాన్ని గంటకు 800తో భాగించి, ఓ అరగంట కలిపి 3 గంటల 16 నిమిషాలు అంటాయి. నేరుగా విమానమే లేని ఊళ్లకు ఈ అంకె చూపించడం జనాన్ని తప్పుదారి పట్టించడమే. కడపలో దిగేది ఏటీఆర్ 72 అనే చిన్న పంకాల విమానం. దాని వేగం గంటకు 500 చిల్లర. నిండా జనంతో 1,500 కిలోమీటర్లు దాటడమే గగనం.

మోహన్‌బారి:
సమయం తప్పే, దూరం మాత్రం పనికొస్తుందండీ. హైదరాబాద్, కోల్‌కతా మీదుగా కూడి చూడండి: 306, 1,207, 852. మొత్తం 2,365. పెరిగింది 150 కిలోమీటర్లే, ఎందుకంటే కోల్‌కతా దాదాపు ఆ సరళరేఖ మీదే ఉంది. ఢిల్లీ మీదుగా అయితే 3,300 దాటుతుంది. రెండు టికెట్ల ధర ఒకటే అయినప్పుడు ఏది చుట్టుదారో చెప్పేది ఈ దూరమే.

పడమటిగాలి:
గాల్లో ఉండేది ఎటు చూసినా ఐదు గంటలు. మిగతాదంతా నేల మీదే పోతుంది. రెండు చోట్ల మారడానికి చెరో రెండు గంటలు, కడపలో ముందుగా చేరే సమయం కలిపితే పది గంటలకు తగ్గదు. మూడు విమానాలూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉండాలి. విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమై తర్వాతిది తప్పిపోయినప్పుడు ఆ డబ్బు గోవిందా. కడప కౌంటర్లో బ్యాగుకు కట్టిన ట్యాగు మీద చివరి కోడ్ డీఐబీ (డిబ్రూగఢ్) అని ఉందేమో అక్కడే చూసుకోండి. హెచ్‌వైడీ అని ఉంటే హైదరాబాద్ బెల్టు దగ్గర దింపుకొని, బయటికొచ్చి, మళ్లీ చెకిన్ చేయాలి.

సీమగాలి:
అంత తంటా ఎందుకు? రాత్రి కారులో చెన్నై వెళ్తే ఐదారు గంటలు. ఓ విమానం తగ్గుతుంది, కోల్‌కతాకు నేరుగా ఎక్కొచ్చు.

పడమటిగాలి:
పోయేటప్పుడు సరే, ఒప్పుకుంటాను. వచ్చేటప్పుడు లెక్క వేరు. చలికాలంలో పడమటి గాలికి ఎదురొస్తాం, పైగా మంచు వల్ల ఉదయపు విమానాలు వెనకబడతాయి. హైదరాబాద్ నుంచి కడపకు చివరి అంచె చిన్న ఏటీఆర్ గనక, అది తప్పితే ఆ రోజుకు మరొకటి దొరకడం కష్టం. హైదరాబాద్‌లో నాలుగు గంటల ఖాళీ పెట్టుకోండి. అయినా తప్పితే కాచిగూడలో రాత్రికి వేంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది, తెల్లారేసరికి కడప.

మోహన్‌బారి:
ఇంకొకటి. డిబ్రూగఢ్ కడపకు 16 డిగ్రీలు తూర్పున ఉంది, గడియారం మాత్రం ఒకటే. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగుంబావుకే పొద్దు గూకుతుంది. దగ్గర్లోని దులియాజాన్‌కో, బ్రహ్మపుత్ర మీది బోగీబీల్ వంతెన దాటి అరుణాచల్ వైపుకో పోయేవాళ్లు మధ్యాహ్నం రెండులోపు దిగే విమానం చూసుకోవాలి. అందుకు కోల్‌కతాలో రాత్రి ఆగాల్సి వస్తే ఆగడమే మేలు.