టైమ్ ఈటర్ మీద షివ్ డెక్ నిలుస్తుందా?

నెల్లూరు, ఒంగోలు వైపు స్లే ద స్పైర్ (కార్డులతో పోరాడే వీడియో గేమ్) ఆడే అన్నలెవరైనా చెప్పండి. సైలెంట్ అనే క్యారెక్టర్‌తో షివ్ డెక్ (చిన్న కత్తుల కార్డులతో కొట్టేది) అందరి మీదా బాగానే లాగుతుంది, మూడో యాక్ట్ బాస్ టైమ్ ఈటర్ దగ్గరే తంటా. 12 కార్డులు పడగానే మన టర్న్ కట్, దానికేమో 2 స్ట్రెంగ్త్ (దెబ్బ బలం). పైగా ఆ లెక్క తర్వాతి టర్న్‌కీ కొనసాగుతుంది. బ్లేడ్ డాన్స్ వాడితే మూడు షివ్‌లతో కలిపి నాలుగు కార్డులు పోయినట్టే. షివ్ దెబ్బ పెంచే అక్యూరసీ కార్డు ఒకటి ఉన్నా షివ్‌కి 8 డ్యామేజే. పోనీ టర్న్ టర్న్‌కీ హెల్త్ తగ్గించే పాయిజన్ పేరుద్దామంటే, హెల్త్ సగం కంటే తగ్గాక ఒకసారి డీబఫ్‌లన్నీ (పాయిజన్ లాంటివి) కడిగేసుకుని మళ్ళీ సగానికి ఎక్కుతుంది, పాడుది.

మొదటి సగం షివ్‌లతో కొట్టి, ఆ తర్వాత పాయిజన్, దాన్ని రెట్టింపు చేసే క్యాటలిస్ట్‌తో ముగించడం మేలా? మూడో యాక్ట్ మ్యాప్‌లో బాస్ బొమ్మ కనబడేసరికి డెక్ కుదిరిపోయి ఉంటుంది కాబట్టి, ముందే రక్షణ పెంచే ఫుట్‌వర్క్ కార్డు పట్టుకోవాలా? షాపులో మొదట్నుంచీ ఉన్న స్ట్రైక్‌లు (దాడి కార్డులు) తీసేయాలా, డిఫెండ్‌లా (రక్షణ కార్డులు)?