ఎయిర్‌బ్రష్‌కి గాలి: కంప్రెసరా, సిలిండరా?

మట్టిబొమ్మ (విజయనగరం): చవితికి మట్టి వినాయకులు, మూడడుగులవీ అయిదడుగులవీ కలిపి నలభై. 0.3 మి.మీ. నాజిల్ ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చల్లే పెన్నులాంటిది) చేతికొచ్చింది, గాలే లేదు. 3 లీటర్ల ట్యాంకున్న చిన్న కంప్రెసరా, పంక్చర్ షాపు రకం 24 లీటర్లదా, గ్యాస్ సిలిండరా? అద్దె గది, పక్క వాటాలో మనుషులున్నారు. రంగులు నీళ్ళలో కలిపే అక్రిలిక్.

రాజాం_రంగులు: 24 లీటర్లది. మరో మాట వద్దు. 0.3 నాజిల్ 20 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర నిమిషానికి పది పన్నెండు లీటర్ల గాలి తాగుతుంది. చిన్నదాని మోటారు 57 పీఎస్ఐ దగ్గర ఆగి 43 దగ్గర మళ్ళీ లేస్తుంది. ఆ తేడాలో 3 లీటర్ల ట్యాంకు ఇచ్చే గాలి మూడు లీటర్ల లోపే. ట్రిగ్గర్ నొక్కి పడితే పావు నిమిషానికే మోటారు మొదలు. 24 లీటర్లది 115 నుంచి 85కి దిగేలోగా 49 లీటర్లిస్తుంది. నాలుగు నిమిషాలు చప్పుడుండదు.

సన్నసూది (శ్రీకాకుళం): ఆ నాలుగు నిమిషాల తర్వాత వచ్చే మోత సంగతి రాయలేదేటండీ? 80 డెసిబెల్స్ పైమాటే. రాత్రి పదింటికి అది లేస్తే పక్క వాటావాళ్ళు ఊరుకుంటారా? సీఓ2 (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ పెట్టుకోండి. కిలోకి సుమారు 550 లీటర్ల గ్యాసు. 5 కిలోలదైతే ట్రిగ్గర్ వదలకపోయినా మూడున్నర గంటలు పైనే వస్తుంది. కరెంటు పోయినా ఆగదు. అన్నిటికంటే ముఖ్యం, పొడి గ్యాసు. చవితి రోజుల్లో మన వైపు గాలి పిండితే నీళ్ళు కారతాయి.

రాజాం_రంగులు: నీళ్ళకి వాటర్ ట్రాప్ ఉంది కదా, గాలిలో నీటిచుక్కల్ని పట్టే చిన్న గిన్నె.

సన్నసూది: ఎక్కడ బిగిస్తారు? కంప్రెసర్ మూతికే కదా, అక్కడే తప్పు. 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే ఘనపు మీటరు గాలిలో 24 గ్రాముల నీరు. 4 బార్‌కి (సుమారు 58 పీఎస్ఐ) నొక్కి చల్లారిస్తే 6 గ్రాములే ఆవిరిగా నిలుస్తుంది, మిగతా 18 నీరే. గంటసేపు కొడితే 13 గ్రాములు, రెండున్నర టీ చెంచాలు. పంపులోంచి వచ్చే గాలి వేడిగా ఉంటుంది. ఆ వేడిలో నీరు ఆవిరిగానే ట్రాప్ దాటిపోతుంది, ట్రాప్ ఆవిరిని పట్టలేదు. ముందుకెళ్ళి గొట్టంలో చల్లారి చుక్కలు కడుతుంది. వినాయకుడి చెంపకి గులాబీ నీడ వేస్తుంటే నాజిల్ తుప్పుమని ఒక్క చుక్క ఉమ్ముతుంది. ఆరేసరికి దాని చుట్టూ పాలిపోయిన వలయం. తుడవబోతే కింద పూత కూడా లేచొస్తుంది.

పాతఫ్రిజ్: పాత ఫ్రిజ్ కంప్రెసర్ పెట్టండి, చప్పుడే ఉండదు.

రాజాం_రంగులు: చప్పుడుండదు, నూనె ఉంటుంది. ఆయిల్ ఫిల్టర్ లేకపోతే రంగులో గుంటలు పడతాయి. పైగా ఎదురు ఒత్తిడి మీద ఆ మోటారు లేవదు, ఆగినప్పుడల్లా పైపులో గాలి వదిలే వాల్వ్ కావాలి. సేఫ్టీ వాల్వ్ లేకుండా అస్సలు వద్దు. కొత్తవాళ్ళకి ఇలాంటివి చెప్పకండి.

ఇక నీళ్ళ సంగతి. సన్నసూది గారు చెప్పింది చిన్నదానికి. 24 లీటర్లదాంట్లో గాలి ట్యాంకులోనే చాలావరకు చల్లారుతుంది, నీళ్ళు అడుగుకి దిగుతాయి. రోజూ పనయ్యాక కాస్త గాలి ఉండగానే కింది వాల్వ్ తిప్పేయాలి.

పలాస_కుర్రోడు: కారు స్టెప్నీ చాలదా?

రాజాం_రంగులు: 30 లీటర్ల టైరు 35 నుంచి 20 పీఎస్ఐకి దిగేలోగా రెండున్నర నిమిషాలు. ఒక కన్ను అవుతుంది.

పలాస_కుర్రోడు: ఆక్సిజన్ సిలిండర్?

సన్నసూది: వద్దు! నూనె మరకో థిన్నరో తగిలితే అంటుకుంటుంది.

రాజాం_రంగులు: ఇదొక్కటి సరిగ్గా చెప్పారు. మరి అద్దె గదిలో సీఓ2 ఏటండీ? పదడుగుల గదిలో పట్టేది 28 ఘనపు మీటర్లు. 5 కిలోల సిలిండర్ మొత్తం లీకైతే గదిలో పది శాతం దాకా అదే, స్పృహ తప్పడానికి చాలు. గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, నేలమీద కూర్చుని రంగేసేవాడి ముక్కు దగ్గరే చేరుతుంది. 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవమే మిగలదు, ఒత్తిడి ఎగబాకుతుంది. గేజ్ చూస్తే ఎంత మిగిలిందో తెలీదు, తూకం వెయ్యాలి. చవితి ముందురోజు అయిపోతే మీరు తెచ్చిస్తారా?

సన్నసూది: కిటికీ తీస్తారు, నిలబెట్టి గొలుసు కడతారు, నీడలో ఉంచుతారు. మీకు సిలిండర్ అంటే పగ. అయినా ముఖాలకి ఎంత గ్యాసు అవుతుందండీ?

రాజాం_రంగులు: ముఖాలా? అయిదడుగుల బొమ్మ ఒళ్ళంతా కదా!

సన్నసూది: 0.3తో ఒళ్ళంతానా? ఉద్ధరిణతో చెరువు తోడినట్టే.

రాజాం_రంగులు: 0.3తో అన్నానా? ఒళ్ళు 0.8 మి.మీ. నాజిల్ టచప్ గన్‌తో (చిన్న స్ప్రే గన్) కొట్టాలి, ఎయిర్‌బ్రష్ ముఖానికి. రెండిటికీ ఒకటే కంప్రెసర్ అవుతుందనే 24 లీటర్లది అన్నాను. ఆ మాట ముందు రాయలేదు, ఒప్పుకుంటున్నా.

సన్నసూది: అదీ సంగతి! ఆయన అడగని గన్‌కి కంప్రెసర్ కొనిపిస్తున్నారన్నమాట ఇంతసేపూ.

రాజాం_రంగులు: నలభై బొమ్మలు చేసేవాడు వచ్చే ఏడు ఎనభై చేస్తాడు. అప్పుడూ ఒళ్ళు బ్రష్‌తోనే వెయ్యమంటారా?

సన్నసూది: వెయ్యనివ్వండి. మట్టిబొమ్మకి బ్రష్ గీతే అందం. అన్నీ గన్‌తో నున్నగా కొడితే ప్లాస్టర్ బొమ్మకీ దానికీ తేడా ఏముంది?

మట్టిబొమ్మ: ఇద్దరికీ దండం. ఒళ్ళు బ్రష్‌తోనే. ఎయిర్‌బ్రష్ చెంపలకి, తొండం ముడతలకి, చెవుల అంచులకి. ట్రిగ్గర్ నొక్కేది బొమ్మకి పది నిమిషాలు.

రాజాం_రంగులు: నలభైకి 400 నిమిషాలు, 4,800 లీటర్లు. సిలిండర్లు రెండు. వచ్చే ఏడు మళ్ళీ రెండు.

మట్టిబొమ్మ: అందుకే 3 లీటర్లదే తీసుకుంటున్నా. రాత్రి పక్కవాళ్ళకి వినపడదు.

రాజాం_రంగులు: సరే. అయితే అరగంట కొట్టి పావుగంట చల్లారనివ్వండి, కంప్రెసర్ పంపు తల (సిలిండర్ హెడ్) ముట్టుకోవద్దు, కాలుతుంది. కరెంటు పోతే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడపొద్దు, మోటారు వేడెక్కుతుంది. ప్రెషర్ ట్రిగ్గర్ నొక్కి ఉంచి చూసి పెట్టుకోండి, వదిలితే గేజ్ మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. గొట్టం చివర మర (థ్రెడ్) 1/8 అంగుళం, కొనే ముందు బ్రష్‌కి బిగించి చూసుకోండి.

సన్నసూది: ట్రాప్ కంప్రెసర్‌కి కాదు, మూడు మీటర్ల గొట్టం తర్వాత, నిలువుగా.

రాజాం_రంగులు: రెండు పెట్టినా తప్పులేదు.

సన్నసూది: ఒకటి చాలు, చోటు సరిగ్గా ఉంటే.