ఎప్పుడూ అదే గట్టు, అదే బ్రిటిష్ లైన్: ఒకే జోడీతో ఆడే నెపోలియన్ ఆటను మార్చేదెలా?

గట్టుకింద_ఫ్రెంచ్ అడిగారు:

ఇద్దరమే ఆడే ఆట, టేబుల్ మీద బొమ్మ సైనికులతో నెపోలియన్ కాలం యుద్ధాలు. 28 మి.మీ. బొమ్మలు, 6×4 అడుగుల టేబుల్, ‘బ్లాక్ పౌడర్’ అనే రూల్స్ పుస్తకం. బెటాలియన్‌కి 24 బొమ్మలు: 40 మి.మీ. చదరపు బేస్‌లు ఆరు, బేస్‌కి నలుగురు. చెరో ఆరు బెటాలియన్లు, రెండేసి గుర్రపు రెజిమెంట్లు, రెండేసి ఫిరంగి బ్యాటరీలు. పాయింట్లు (సైన్యం బలానికి వేసే లెక్క) సమానం.

సమస్యేంటంటే ఆట మొదలవకముందే ఫలితం తెలిసిపోతోంది. నాది ఫ్రెంచ్, ఎదుటాయనది బ్రిటిష్. స్పెయిన్, పోర్చుగల్‌లో బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ చేసినట్టే గట్టుకి వెనక వాలులో లైన్ (పలచగా, వెడల్పుగా నిలిచే వరస) పరిచి కూర్చుంటారు. నా కాలమ్‌లు (ఇరుకు ముఖంతో, లోతుగా నడిచే బారులు) ఎక్కుతాయి, గట్టు తల దాటగానే ఒక వాలీ (అందరూ ఒక్కసారే కాల్చడం), దాని వెంటే బయనెట్ చార్జ్, కాలమ్‌లు కిందికి. ముందుగా ఫిరంగులతో కొడదామంటే వెనక వాలులో ఉన్నవాళ్లు కనపడరు. పక్కనుంచి చుట్టుకొద్దామంటే చోటు లేదు. తప్పు రూల్స్‌దా, నాదా? జోడీ మార్చమని మాత్రం చెప్పకండి, ఊళ్లో ఈ బొమ్మలున్నది మా ఇద్దరికే.

పన్నెండుపౌన్ల_ఫిరంగి:

ముందు టేపు తీసి కొలవండి. ఆరు బేస్‌లు లైన్‌లో పెడితే 240 మి.మీ., అంటే తొమ్మిదిన్నర అంగుళాలు. ఆరు బెటాలియన్లు పక్కపక్కన పెడితే 57 అంగుళాలు. మీ టేబుల్ పొడుగు 72. రెండు పక్కలా మిగిలేది ఏడున్నర అంగుళాల చొప్పున. అందులో గుర్రపు రెజిమెంట్ లైన్‌గా కూడా పట్టదు. ఆయన కట్టింది లైన్ కాదండీ, గోడ. రెండు చివర్లా టేబుల్ అంచే ఆయనకి కాపలా కాస్తోంది, అదీ ఒక్క పాయింటు ఖర్చు లేకుండా.

1810 సెప్టెంబర్ 27న పోర్చుగల్‌లో బుసాకో గట్టు మీద ఫ్రెంచ్ మార్షల్ మసేనా కూడా మీలాగే నేరుగా ఎక్కించాడు. ఫ్రెంచ్ నష్టం సుమారు 4,500, బ్రిటిష్–పోర్చుగీస్ నష్టం సుమారు 1,250. అయితే కథ అక్కడితో అయిపోలేదు. మర్నాడు గట్టు ఉత్తరం కొస చుట్టూ పోయే దారి ఫ్రెంచ్ గుర్రపుదళానికి దొరికింది. సైన్యం అటు తిరగగానే వెల్లింగ్టన్ గట్టు వదిలి లిస్బన్ వైపు వెనక్కి నడిచాడు. మీ టేబుల్ మీద లేనిది ఆ దారే.

కాబట్టి కాపలా కాసేవాళ్లకి నాలుగు బెటాలియన్లు (38 అంగుళాలు), దాడి చేసేవాళ్లకి ఆరు. ఎత్తు మీద కూర్చున్న వాళ్లతో సమాన పాయింట్లకి ఆడితే అది సమానం అవదు. మీ ఆరింటిలో రెండు టేబుల్ మీదకి రావు, పక్కనుంచి చుట్టుకొస్తాయి. ఆటకి ముందే ఏ అంచునుంచో రాసిపెట్టాలి. నాలుగో టర్న్‌లో పాచిక వేసి 5 లేదా 6 పడితే వచ్చినట్టు. అయిదో టర్న్‌లో 4 నుంచి పైకి, ఆరో టర్న్‌లో 3 నుంచి పైకి. లెక్క కడితే నాలుగో టర్న్‌కి వచ్చే అవకాశం మూడింట ఒకటి, అయిదో టర్న్ లోపు మూడింట రెండు, ఆరో టర్న్ లోపు తొమ్మిదింట ఎనిమిది. ఎప్పుడొస్తాయో తెలీదు గనక ఆయన ఒక బెటాలియన్‌ని అటు తిప్పి ఉంచాల్సిందే. ఉంచారా, గోడలో కన్నం పడ్డట్టే.

వోల్టిజర్:

టేబుల్ సంగతి ఒప్పుకుంటాను. కాలమ్‌ల సంగతి కూడా చూద్దాం, ఎందుకంటే వాటిని చివరిదాకా కాలమ్‌లుగానే నడిపిస్తున్నట్టున్నారు.

1808 ఫిబ్రవరి డిక్రీ తర్వాత ఫ్రెంచ్ బెటాలియన్‌కి ఆరు కంపెనీలు: నాలుగు ఫ్యూజిలియర్, ఒకటి గ్రెనేడియర్, ఒకటి వోల్టిజర్ (తేలికపాటి పదాతి). మీ ఆరు బేస్‌లకి అచ్చంగా సరిపోయింది, బేస్‌కో కంపెనీ. దాడి కాలమ్ అంటే రెండు కంపెనీల వెడల్పు, మూడు వరసల లోతు: టేబుల్ మీద 80 మి.మీ. వెడల్పు, 120 లోతు. కంపెనీకి వందమంది ఉన్నారనుకుంటే, మూడేసి మంది లోతున నిలబెడితే ముందు వరసలో రెండు కంపెనీలకీ కలిపి 66 మంది. మొదటి రెండు వరసలు కాల్చినా 132 తుపాకులు. ఎదురుగా 500 మంది బ్రిటిష్ బెటాలియన్ రెండే వరసల్లో ఉంటే 500 తుపాకులూ పేలతాయి. రూల్స్ దీన్ని లైన్‌కి మూడు పాచికలు, దాడి కాలమ్‌కి ఒకటి అని చూపిస్తాయి. రూల్స్‌లో అన్యాయం ఏమీ లేదు.

కాలమ్ నడవడానికి, లైన్ కాల్చడానికి. గట్టు తలకి ఇవతలే లైన్ విప్పాలి. ఇక్కడ అందరూ చేసే తప్పొకటుంది. రెండు కాలమ్‌ల మధ్య రెండు వేళ్ల సందు వదిలి పక్కపక్కన నడిపిస్తారు. విప్పబోయేసరికి చోటుండదు. 80 మి.మీ. కాలమ్ 240 మి.మీ. లైన్ అవ్వాలంటే రెండు కాలమ్‌ల మధ్య కనీసం 160 మి.మీ. ఖాళీ ఉండాలి. మొదటి టర్న్‌లోనే ఆ ఖాళీతో పెట్టండి, నడిచేటప్పుడు సర్దుకుందామంటే కుదరదు. 160 మి.మీ. అట్టముక్క ఒకటి కోసి దగ్గర పెట్టుకుంటే ప్రతిసారీ టేపు తీసే పని ఉండదు. వాటర్లూలో ఫ్రెంచ్ జనరల్ డెర్లాన్ దళంలో డాంజెలో, మార్కొనే డివిజన్లకి జరిగింది ఇలాంటిదే. లైన్‌లో విప్పిన బెటాలియన్లని ఒకదాని వెనక ఒకటి ఇరుకుగా పేర్చారు. గట్టు తల మీద బ్రిటిష్ గుర్రపుదళం మీద పడేసరికి రూపం మార్చుకునే చోటూ లేదు, సమయమూ లేదు. మార్కొనే డివిజన్‌లోని 45వ రెజిమెంట్ ఈగిల్ జెండా అక్కడే పోయింది.

రెండోది స్కిర్మిషర్లు, అంటే ముందు చెల్లాచెదురుగా నడిచి కాల్చేవాళ్లు. వెనక వాలులో ఎవరున్నారో తెలియాలంటే గట్టు తల మీదకి ముందు వెళ్లాల్సింది వాళ్లే. ఆయన స్కిర్మిషర్ల కంటే మీవాళ్లు ఎక్కువుండాలి. ఆరు బెటాలియన్లనుంచీ వోల్టిజర్ కంపెనీలు బయటికి తీసి రెండు గుంపులు చెయ్యండి. ఫిరంగి గుండ్లు వెనక వాలుకి అందవు, నిజమే. అయితే ఫ్రెంచ్ ఫుట్ బ్యాటరీలో ఎనిమిదింటికి రెండు హోవిట్జర్లు ఉండేవి, వాటి గుండు ఎత్తుగా లేచి అవతల పడుతుంది. ఒక హోవిట్జర్ బొమ్మ కొని వేరే పెట్టుకోండి.

మూడోది, నా లెక్కలో అసలైనది, గుర్రాలు. వాటితో చార్జ్ చెయ్యకండి, బెదిరించండి. గట్టు చివరి బెటాలియన్‌కి 18 అంగుళాల లోపు, గుర్రాలకి ఒక్క కదలిక దూరంలో, నిలబెట్టండి. ఆయన స్క్వేర్ (గుర్రాలని ఆపడానికి నాలుగు వైపులా ముఖం పెట్టిన చదరం) కట్టారా, ఒక్కో ముఖానికి మిగిలేది నాలుగోవంతు తుపాకులే. అప్పుడు మీ లైన్ దాని మీదకి వెళ్లాలి. స్క్వేర్ కట్టకపోతే గుర్రాలు వెళ్లాలి.

ఇవన్నీ ఒకే టర్న్‌లో అవుతాయని మాత్రం అనుకోవద్దు. స్టాఫ్ రేటింగ్ (ఆర్డర్ పడాలంటే పాచికల మొత్తం దాటకూడని అంకె) 8 ఉన్న బ్రిగేడియర్‌కి రెండు పాచికల మీద ఆర్డర్ పడే అవకాశం 36కి 26. మూడు కదలికలు దొరికేది 36కి 10, అసలు కదలకపోయేదీ 36కి 10. మూడు బ్రిగేడ్‌లూ ఒకే టర్న్‌లో కదిలితే తప్ప పనిచెయ్యని ప్లాన్ నూటికి 38 సార్లే పనిచేస్తుంది. పైగా శత్రువు 12 అంగుళాల లోపుంటే ఒకటి తగ్గుతుంది, 36కి 26 ఉన్న అవకాశం 21కి పడిపోతుంది. అందుకే ఆ 12 అంగుళాల గీత బయటే గుర్రాలనీ ఫిరంగులనీ వాటి చోట్లలో పెట్టేసి, చివరికి ఒక్క పాచిక మీద ఆధారపడే పని ఒక్కటే మిగిలేలా చూసుకోండి.

గట్టువెనక:

బ్రిటిష్ ఆడేవాడిగా చెప్తున్నా. పైవాళ్లు చెప్పినవన్నీ చేసినా మీ ఎదుటాయన గట్టు దిగరు. దిగాల్సిన అవసరం ఆయనకేముంది? పది టర్న్‌లు కూర్చుంటే గెలుపు ఆయనది. బెటాలియన్లు తగ్గించడం కంటే ఆయన లేచే కారణం ఒకటి టేబుల్ మీద పెట్టండి.

అందుకు బెల్జియంలోని కాత్రె బ్రా యుద్ధం మంచిది, 1815 జూన్ 16. మొదట్లో నాలుగు రోడ్ల కూడలి దగ్గరున్నది డచ్–బెల్జియన్ డివిజన్ ఒక్కటే. ఫ్రెంచ్ మార్షల్ నే (Ney) దాడి మొదలుపెట్టింది మధ్యాహ్నం రెండు ప్రాంతాల, బ్రిటిష్ వైపు పిక్టన్ డివిజన్ వచ్చింది మూడు ప్రాంతాల. ఆ తర్వాత ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఫ్రెంచ్‌కి మొదటి మూడు టర్న్‌లలో బలం ఎక్కువ, గడియారం మాత్రం వాళ్లకి ఎదురు. బ్రిటిష్ వచ్చేది మార్చ్ కాలమ్‌లో, రోడ్డు మీద. గట్టు వెనక పడుకుందామన్నా కుదరదు. టేబుల్ నిండా ఎత్తయిన రై చేను. ఆరంగుళాలకి మించి చూపు ఆనదని రూల్ పెట్టుకోండి. నిజంగానే ఆ చేలో కనపడక బ్రిటిష్ 69వ రెజిమెంట్ లైన్‌లో ఉండగానే ఫ్రెంచ్ జనరల్ కెల్లర్మన్ కిరాసియర్లకి (ఉక్కు కవచాల గుర్రపుదళానికి) దొరికిపోయి ఒక జెండా పోగొట్టుకుంది. వోల్టిజర్ గారి గుర్రాల బెదిరింపు పండాలంటే ఇదే చోటు.

మీ ఎదుటాయన వెల్లింగ్టన్ భక్తుడైతే ఆయన్నే దాడికి దింపండి. సలమాంకా, 1812 జూలై 22: ఫ్రెంచ్ మార్షల్ మార్మోన్ ఎడమ పక్క సాగదీసుకుని నడుస్తుంటే వెల్లింగ్టనే మీదపడ్డాడు. ఇంకా వెనక్కి వెళ్తే అస్సాయే, 1803 సెప్టెంబర్ 23, మహారాష్ట్రలో ఇప్పటి జాల్నా జిల్లాలో. కైట్నా నది దాటి వచ్చిన వెల్లెస్లీ (వెల్లింగ్టన్‌కి అప్పటి పేరు) పక్కనుంచి కొడదామనుకున్నాడు. మరాఠా పదాతి ముఖం తిప్పుకుని అతనికి ఎదురుగా లైన్ కట్టేసింది, దాని ముందు వంద దాటి ఫిరంగులు. గెలిచాడు, కానీ నష్టం 1,500 దాటింది. రెండు నదుల మధ్య ఇరుకు నేల కాబట్టి 6×4కి చక్కగా ఇముడుతుంది. వెల్లెస్లీ వైపు సిపాయిలు మద్రాసు సైన్యంవాళ్లు. అందులో తెలుగువాళ్లు చాలామంది, ఉత్తరాదిలో సిపాయిని ‘తిలంగా’ అనడం ఆ సైన్యం పుణ్యమే. ఎర్రకోటు వేసుకుని ఫిరంగుల ఎదురుగా నడవడమేంటో ఆయనకీ ఒకసారి తెలియాలి కదా.

ఏది ఆడినా రెండుసార్లు ఆడండి, రెండోసారి పక్కలు మార్చుకుని. లేదా ఒకరు టేబుల్ సర్దాలి, రెండోవారు పక్క ఎంచుకోవాలి. అప్పుడు గట్టు ఎంత ఎత్తుండాలో తనే ఆలోచించుకుంటాడు.

గట్టుకింద_ఫ్రెంచ్:

అస్సాయే గురించి అనుకోనేలేదు. పన్నెండుపౌన్ల గారూ, చుట్టుకొచ్చే రెండు బెటాలియన్లని దాచేదెలా? అంపైర్ లేడు. నా పెట్టెలో ఎన్ని బొమ్మలు మిగిలాయో ఆయన లెక్కపెట్టేస్తారు.

పన్నెండుపౌన్ల_ఫిరంగి:

పేకముక్కలు. మొదట ఎవరూ బొమ్మలు పెట్టొద్దు, రెండు పక్కలా బోర్లించిన ముక్కలే. ఆరు బెటాలియన్లుంటే ముక్కలు తొమ్మిది. నల్లవి నిజం, ఎర్రవి ఉత్తుత్తివి. గుర్రాలకీ ఫిరంగులకీ వేరే ముక్కలు. చుట్టుకొచ్చేవాటి స్థానంలో ఎర్ర ముక్కలు టేబుల్ మీద నడుస్తూనే ఉంటాయి, కాబట్టి ఆయన లెక్కకి తేడా తెలీదు. శత్రువు చూపులో 12 అంగుళాల లోపుకి వచ్చినా, కాల్చినా ముక్క తిప్పి చూపించాలి. గట్టు వెనకున్నవాటికి గట్టు తల మీదకి మీ స్కిర్మిషర్ చేరితేనే. బొమ్మల పెట్టెలు మూతపెట్టి టేబుల్ కింద ఉండాలి, అది ఇద్దరికీ వర్తిస్తుంది.

ఏ అంచునుంచి వస్తుందో కాగితం మీద రాసి, మడిచి ఆయన చేతికే ఇవ్వండి, విప్పకూడదన్న షరతు మీద. ఏమీ పంపకపోయినా ‘లేదు’ అని రాసి ఇవ్వాలి. ఆ ‘లేదు’ కాగితమే కొన్నిసార్లు ఆయన బెటాలియన్ ఒకదాన్ని ఆట మొత్తం పక్కకి కట్టేస్తుంది.

టేపు_కొలత:

ఇంకో రెండు, ఎందుకంటే ఎప్పుడూ ఒకే జోడీ ఆడేచోట గొడవలు ఇక్కడే వస్తాయి.

ఈ టేబుల్‌కి పుస్తకంలోని దూరాలు ఎక్కువ. పదాతి 12 అంగుళాలు, మూడు కదలికలు పడితే 36. మీ టేబుల్ లోతు 48, ఇద్దరూ అంచునుంచి 12 లోపల సర్దుకుంటే మధ్య ఖాళీ 24 మాత్రమే. ఒక మంచి పాచికకి మీద పడిపోవచ్చు. అన్నిటినీ మూడింట రెండు వంతులు చెయ్యండి: పదాతి 8, గుర్రాలు 12, మస్కెట్ 12, ఫిరంగి 32. పైన చెప్పిన 12 అంగుళాల గీత, గుర్రాల 18 కూడా అదే లెక్కన 8, 12 అవుతాయి. ఇవి ఒక కార్డు మీద రాసి టేబుల్‌కి అంటించండి, లేకపోతే మూడో టర్న్‌లో ఎవరో ఒకరు పాత లెక్క కొలుస్తారు.

లైన్ తిప్పేటప్పుడు బయటి మూల నడిచిన దూరమే కొలవాలి, మధ్యది కాదు. తొమ్మిదిన్నర అంగుళాల లైన్‌ని మధ్యనుంచి కొలిచి తిప్పితే బయటి మూలకి అయిదారు అంగుళాలు ఊరికే కలిసొస్తాయి, చార్జ్ అందనిది అందుతుంది.

నష్టం గుర్తుకి బెటాలియన్ పక్కన చిన్న పాచిక పెట్టే అలవాటుంటే మానేయండి. ఎవరో ఒకరు దాన్నే తీసి కాల్పులకి వేసేస్తారు, తర్వాత అక్కడ రెండుందా మూడుందా అని అరగంట వాదన. రంగు పూసలు వాడండి. మూడు పూసలైతే బెటాలియన్ స్టామినా (దెబ్బలు తట్టుకునే శక్తి) అయిపోయినట్టే, టేబుల్ అవతల నుంచి కూడా కనపడుతుంది.