పాప ఎడమ చెవికి ‘రిఫర్’ అని వచ్చింది, మళ్లీ పరీక్ష చేయించాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. కాన్పుకని పుట్టింటికి వచ్చాను. పాపకు ఇంకా నెల నిండలేదు. డిశ్చార్జి చేసేముందు ఆసుపత్రిలో చెవి పరీక్ష చేసి కార్డు ఇచ్చారు. కుడి చెవి ‘పాస్’, ఎడమ చెవి ‘రిఫర్’ అని ఉంది. రెండు వారాలాగి మళ్లీ రమ్మన్నారు. ఇంటికి వచ్చాక మా అమ్మ పాప వెనకాల నిలబడి స్టీలు కంచం మీద గరిటెతో కొట్టింది. పాప ఉలిక్కిపడింది. "శుభ్రంగా వినపడుతోంది, పచ్చి బాలింతవి, ఎండలో ఎక్కడికీ పోనక్కర్లేదు" అంటోంది. నాకేమో టెన్షన్‌గా ఉంది. అసలు మాటలే రాని పసిపిల్లకు వినపడుతోందో లేదో ఆ మిషన్‌కి ఎలా తెలుస్తుంది? నొప్పి పుడుతుందా?

జవాబు (ఆడియాలజిస్టుగా, అంటే వినికిడి పరీక్షలు చేసే పనిలో ఉన్నాను):
అమ్మా, ముందు ధైర్యంగా ఉండండి. రిఫర్ అంటే చెవుడు అని కాదు. ఆ రోజు ఆ చెవి నుంచి జవాబు సరిగా అందలేదు, మళ్లీ చూడాలి అని మాత్రమే. పుట్టిన ఒకటి రెండు రోజుల్లో చెవిలో ఉమ్మనీరు, ఒంటికి ఉండే తెల్లటి జిడ్డు మిగిలిపోతాయి. పాప ఏడ్చినా, కదిలినా, గదిలో హోరున్నా రిఫర్ రావచ్చు. రెండోసారి చేస్తే చాలామంది పిల్లలు పాసవుతారు. అయితే ఆ రెండోసారి మాత్రం మానొద్దు.

మీకు చేసింది ఓఏఈ పరీక్ష అయి ఉంటుంది. చెవిలో మెత్తటి చిన్న బిరడా పెడతారు. అందులో ఒక స్పీకరు, ఒక మైకు ఉంటాయి. స్పీకరు టక్ టక్‌మని సన్నటి చప్పుళ్లు పంపుతుంది. మన లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని కాక్లియా ఉంటుంది. దానిలో బయటి వరుసల్లో సుమారు 12,000 రోమకణాలు (కొసన సన్నటి వెంట్రుకల్లాంటివి ఉండే కణాలు) ఉంటాయి. శబ్దం తగలగానే అవి సాగుతూ ముడుచుకుంటూ ఆ కదలికను ఇంకా పెంచుతాయి. అందులో కొంత వెనక్కి వచ్చి కర్ణభేరిని లోపలి వైపు నుంచి కదిలిస్తుంది. అంటే చెవే బయటికి శబ్దం చేస్తుంది! మనకు వినపడనంత సన్నగా, టక్‌మన్న తర్వాత సుమారు 5 నుంచి 20 మిల్లీసెకన్లలో వస్తుంది. మైకు పట్టుకునేది దాన్నే. పాప ఏమీ చెప్పక్కర్లేదు, నిద్రపోతుంటే ఇంకా మంచిది. నొప్పి అసలే ఉండదు.

లోపలి చెవి శబ్దాన్ని ఊరికే అందుకోదని, తానే శక్తి ఖర్చుపెట్టి పెంచుతుందని శాస్త్రవేత్త థామస్ గోల్డ్ 1948లోనే అన్నారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ముప్పై ఏళ్లకు, 1978లో, లండన్‌లో డేవిడ్ కెంప్ అనే శాస్త్రవేత్త చెవిలో మైకు అమర్చి ఆ శబ్దాన్ని రికార్డు చేసి చూపించారు. పుట్టిన మర్నాడే పసిబిడ్డ చెవిని పరీక్షించగలుగుతున్నామంటే అది ఆ పని చలవే. రోజూ చేసే పరీక్షే అయినా, తెర మీద ఆ చిన్న అలలు లేస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇక కంచం సంగతి. అంత దగ్గర్లో కంచం మోత చాలా పెద్దది. ఓ మోస్తరు లోపం ఉన్న బిడ్డ కూడా ఉలిక్కిపడుతుంది. పైగా మీ పాప కుడి చెవి బాగుంది, దాంతోనే విని ఉండొచ్చు. ఇంకో చిక్కు ఉంది. కొందరు పిల్లలకు తలుపు చప్పుడు, డప్పు మోత లాంటివి బాగానే వినపడతాయి, కీచుగా ఉండే శబ్దాలు అందవు. మాటల్లో ‘స’ లాంటి ధ్వనులు అలాంటివే, ‘స’ బలం ఎక్కువగా దాదాపు 4,000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు), ఆ పైన ఉంటుంది. పిలిస్తే తిరిగి చూస్తున్నాడు కదా అని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉంటారు. మూడేళ్లొచ్చాక మాటలు స్పష్టంగా లేవని తీసుకొస్తారు. అప్పటికి భాష పట్టుబడే కాలం చాలా పోయి ఉంటుంది. అందుకే అమ్మగారికి నచ్చజెప్పి వెళ్లండి.

ఇంకొక సభ్యురాలు:
చెల్లీ, మా బాబుకి రెండు చెవులకీ రిఫర్ వచ్చింది, రెండోసారి పాసయ్యాడు. స్నానం చేయించి, అక్కడికి వెళ్లాకే పాలు పట్టండి, నిద్రపోతుంది. మా అత్తయ్య నలుగు పెట్టేటప్పుడు చెవుల్లో నూనె చుక్కలు వేసేవారు. అది ఆపమని పరీక్ష చేసినావిడ గట్టిగా చెప్పారు.

అడిగినవారు:
అయ్యో, మా ఇంట్లోనూ వేస్తున్నారక్కా! ఈరోజు నుంచే ఆపిస్తాను. రెండోసారీ రిఫర్ వస్తే బెరా అంటారట, తలకి వైర్లు పెడతారట. అది తలుచుకుంటేనే భయంగా ఉంది.

జవాబు (ఆడియాలజిస్టు):
నూనె, పాలు, ఏవీ చెవిలో వేయొద్దు. గొట్టం మూసుకుపోతుంది, ఇన్‌ఫెక్షన్ రావచ్చు.

బెరాలో ఆ వైర్లు పాపకు కరెంటు ఇవ్వడానికి కాదమ్మా, పాప మెదడు నుంచి వచ్చేదాన్ని అందుకోవడానికి. నుదుటి మీద, చెవుల వెనక అంటిస్తారు. చెవిలో చప్పుడు వినిపిస్తే నాడి వెంట ఒక సంకేతం మెదడు కాండం దాకా వెళ్తుంది. అది ఒక మైక్రోవోల్టు (వోల్టులో పది లక్షలో వంతు) కూడా ఉండదు, మెదడులో మామూలుగా జరిగే సందడిలో కలిసిపోతుంది. అందుకే చప్పుడును వేల సార్లు వినిపించి అన్నిటికీ సగటు తీస్తారు. సందడి ఎప్పటికప్పుడు మారుతుంది కాబట్టి రద్దయిపోతుంది. సంకేతం ప్రతిసారీ చప్పుడు తర్వాత అదే సమయానికి వస్తుంది కాబట్టి నిలుస్తుంది. చప్పుడు తగ్గిస్తూ పోతే ఎక్కడ ఆ అల మాయమవుతుందో చూసి, పాపకు ఎంత సన్నటి శబ్దం దాకా అందుతోందో అంచనా వేస్తాం. ఇంత చిన్నపిల్లలకు సాధారణంగా మత్తు అవసరం రాదు, పాలు తాగి పడుకుంటే చాలు. పెద్దవుతున్న కొద్దీ పిల్లలు అంత తేలిగ్గా పడుకోరు, అందుకని వాయిదా వేయకండి.

నెలలోపు తొలి పరీక్ష, మూడు నెలల్లోపు లోపం ఉందో లేదో తేలడం, ఉంటే ఆరు నెలల్లోపు వినికిడి మిషన్ పెట్టడమో శిక్షణో మొదలవడం. ఈ లెక్క గుర్తుంచుకోండి. ఖర్చు గురించి ఆలోచిస్తుంటే జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ కేంద్రం ఉందేమో కనుక్కోండి, పుట్టుకతో వచ్చే లోపాలు చూడడం వాళ్ల పనే.

మరొకరు:
మా చెల్లెలి బాబు నెలలు నిండకుండా పుట్టాడు, మూడు వారాలు ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) ఉన్నాడు, కామెర్లు కూడా బాగా వచ్చాయి. ఓఏఈ పాస్. ఇక అక్కర్లేదు కదండీ?

జవాబు (ఆడియాలజిస్టు):
అక్కర ఉందండీ, ఈ బాబుకి బెరా తప్పనిసరి. ఓఏఈ రోమకణాల వరకే చెబుతుంది, దాని తర్వాతున్న నాడి సంగతి దానికి తెలియదు. ఎన్‌ఐసీయూలో ఉన్న పిల్లల్లో, కామెర్లు ఎక్కువైన పిల్లల్లో కొందరికి కణాలు బాగుండి నాడి దగ్గర సంకేతం చెదిరిపోతుంది. అలాంటి బిడ్డ ఓఏఈలో చక్కగా పాసవుతుంది. డిశ్చార్జి సమ్మరీ, కామెర్ల రిపోర్టులు వెంట తీసుకెళ్లి, ఎన్‌ఐసీయూలో ఉన్నాడని ముందే చెప్పి బెరా అడగండి.